ఒకే పద్దు పుస్తకము, రెండు కంప్యూటర్లు

పూర్వము ఊరి సంఘముల లెక్కలకు చిట్టా యొకటి, ఆవర్జా యొకటి యుండెడివి. ఏనాటి జమాఖర్చు ఆనాడే చిట్టాలో కెక్కెడిది. దానిలోనుండి ఆసాముల పేర్ల వరుసను ఆవర్జాలోనికి తీసికొనెడివారు. చిట్టా ఒక్కటే గనుక ఒకరు వ్రాసి ముగించువరకు మరియొకరు వేచియుండక తప్పెడిది కాదు. ఇందులో ఆలస్య మున్నమాట నిజమే. కాని ఒక మేలును గలదు. సంఘమునకు లెక్క యొక్కటే. రెండు లెక్కలుండి, వానిలో ఏది నిజమను ప్రశ్న పుట్టుటకు తావు లేదు.

నేడు ఆ చిట్టా ఆవర్జాలు కంప్యూటరులోనికి వచ్చినవి. గ్రామ పంచాయతీల స్వంత లెక్కలు 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ అను విధానములో ఇంటర్నెట్టు ద్వారా వ్రాయబడుచున్నవి. దానిని గురించి చివర కొంచెము చెప్పుకొందము. కాని ఊరిలో పంచాయతీ యొక్కటే కాదు గదా! పాల ఉత్పత్తిదారుల సంఘములు, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద నమోదైన పొదుపు సంఘములు, మహిళా సమాఖ్యలు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు ఉన్నవి. వీనిలో అనేకము బజారులో దొరకు లెక్కల సాఫ్ట్‌వేరును, ముఖ్యముగా ట్యాలీ అనుదానిని, వాడుచున్నవి. పంచాయతీ సభ్యులలో పలువురు ఈ సంఘములలో సభ్యులుగను, కొందరు పాలకవర్గములోను ఉందురు. లెక్క చూపుమని అడుగవలసిన వారు వారే. అడుగుటకు కంప్యూటరు విద్య యంతయు నేర్వనక్కరలేదు. కార్యాలయములో రెండు కంప్యూటర్లు కనబడినపుడు, “మన పద్దు పుస్తకము వీనిలో దేనియందున్నది?” అని అడుగుట తెలిసినచో సగము పని యైనట్లే.

ఆ ప్రశ్నకు “రెండింటిలోను ఉన్నదండీ” అను జవాబు వచ్చినచో కొంత జాగ్రత్త పడవలెను.

బస్తా దాణా ఎక్కడికి పోయినది?

ఒక పాల సంఘమును ఊహించుకొందము. మొదట కంప్యూటరు ఒక్కటే, గుమాస్తా ఒక్కడే. పాల బిల్లులు, దాణా అమ్మకము అన్నియు అతడే వ్రాయును. పని పెరిగినది. దాణా గిడ్డంగి దగ్గర మరియొక కంప్యూటరు పెట్టిరి. రెండవ దానిలో గూడ సాఫ్ట్‌వేరు ఎక్కించి, మొదటి దానిలోని లెక్కలను పెన్‌డ్రైవులో తీసికొనివచ్చి అందులో పోసిరి. ఇంతవరకు అందరికిని సంతోషమే.

మంగళవారమునాడు ఒక రైతు గిడ్డంగిలో 1,450 రూపాయల దాణా బస్తా అప్పుగా తీసికొనెను. గిడ్డంగి గుమాస్తా దానిని తన కంప్యూటరులో శ్రద్ధగా వ్రాసెను. అదే సమయమున కార్యాలయములో ఆ రైతుకు 6,200 రూపాయల పాల బిల్లు తయారగుచుండెను. అప్పు మినహాయించి 4,750 రూపాయలు ఈయవలసియుండగా, కార్యాలయపు కంప్యూటరులో ఆ అప్పు జాడయే లేదు. పూర్తి సొమ్ము చెల్లింపబడినది. సాయంకాలము అలవాటు చొప్పున కార్యాలయములోని లెక్కలను పెన్‌డ్రైవు మీద తెచ్చి గిడ్డంగి కంప్యూటరులోని లెక్కలపై పోసిరి. దానితో గిడ్డంగి గుమాస్తా వ్రాసిన పద్దు తుడిచిపెట్టుకొని పోయినది. ఇపుడు రెండు కంప్యూటర్లును ఒకే మాట చెప్పుచున్నవి, కాని ఆ మాట తప్పు.

నెలాఖరున సరుకు లెక్కించునపుడు ఒక బస్తా తక్కువ వచ్చును. కాగితము ప్రకారము ఆ బస్తా అమ్ముడుపోలేదు. గిడ్డంగిలోను లేదు. వేలు ఎవరివైపు చూపుదురో వేరుగ చెప్పనక్కరలేదు. తన పని తాను సక్రమముగా చేసిన మనిషి దొంగయను నింద మోయవలసివచ్చును. సొమ్ము 1,450 రూపాయలే కావచ్చును. కాని ఊరిలో ఆ మాట ఎంతకాలము నిలుచునో సభ్యులకు తెలియనిది కాదు.

ఇక్కడ ఎవరును మోసము చేయలేదు. యంత్రమును చెడలేదు. పుస్తకమునకు నకలు తీసి, రెండు పుస్తకములలోను వ్రాయుటయే దోషము. నకలు చూచుకొనుటకు పనికివచ్చును, వ్రాయుటకు పనికిరాదు.

పద్దు ఒకచోట, వ్రాత రెండుచోట్ల

దీనికి ఉపాయము కష్టమైనది కాదు. సాఫ్ట్‌వేరు వేరు, లెక్కలు వేరు అను సంగతి ముందు గ్రహింపవలెను. సాఫ్ట్‌వేరు వ్రాయు సాధనము. లెక్కలు వ్రాయబడిన పుస్తకము. సాధనము రెండు కంప్యూటర్లలోను ఉండవచ్చును. పుస్తకము మాత్రము ఒక్క కంప్యూటరులోనే ఉండవలెను. రెండవ కంప్యూటరు తీగ ద్వారా మొదటిదానిలోని పుస్తకమును తెరచి, అందులోనే వ్రాయును. చెరువు ఒకటి, తూములు రెండు అన్నమాట.

ఇందుకు కావలసిన సామగ్రి స్వల్పమే. స్విచ్చి అను చిన్న పెట్టె యొకటి, రెండు కంప్యూటర్లను దానికి కలుపు నెట్‌వర్కు తీగలు రెండు. ఇంటర్నెట్టు కొరకు ఇదివరకే పెట్టిన రూటరునకు వెనుక ఖాళీ రంధ్రములున్నచో స్విచ్చి కూడ కొననక్కరలేదు. ఈ తీగ 100 మీటర్ల దూరమువరకు సక్రమముగా పనిచేయును గనుక కార్యాలయమునకును, అదే ఆవరణలోని గిడ్డంగికిని చాలును. సర్వరను పేరుతో ఖరీదైన యంత్రమును అంటగట్ట జూచువారు కొందరుందురు. రెండు మూడు కంప్యూటర్ల పనికి అది అనవసరము. సాధారణ విండోస్ కంప్యూటరు ఒకేసారి 20 వరకు ఇట్టి సంబంధములను అంగీకరించును. ఉన్నవానిలో మంచిదానిని ముఖ్య కంప్యూటరుగా నిర్ణయించి, లెక్కలున్న ఫోల్డరును రెండవదానికి కనబడునట్లు పంచినచో సరిపోవును.

ట్యాలీలో ఒక్కొక్క సంస్థ లెక్కలకును అంకెల పేరుతో ఒక్కొక్క ఫోల్డరు ఏర్పడును. రెండవ కంప్యూటరులోని సాఫ్ట్‌వేరునకు లెక్కల చోటు తన స్వంత డిస్కు కాదనియు, ముఖ్య కంప్యూటరులోని ఫలానా ఫోల్డరనియు ఒక్కసారి తెలియజేయవలెను. తరువాత గిడ్డంగిలో వ్రాసిన అప్పు, భద్రపరచిన వెంటనే కార్యాలయములో కనబడును. పై కథలోని రైతు పాల బిల్లులో 1,450 రూపాయలు తగ్గియే యుండును.

ఇద్దరును ఒకే పద్దును ఒకేసారి దిద్దినచో ఏమగునని అడుగవచ్చును. ఒకరు దిద్దుచున్నంతసేపు ఆ పద్దు రెండవవారికి దిద్దుటకు వీలుకాకుండ సాఫ్ట్‌వేరే ఆపును. వేరు వేరు పద్దులను మాత్రము ఇద్దరును నిరాటంకముగా వ్రాసికొనవచ్చును. చిట్టా నాటి వేచియుండుట చాలవరకు తప్పినదన్నమాట. రశీదు సంఖ్య విషయములో మాత్రము ఒక మెలకువ అవసరము. తెరపై కనబడు సంఖ్య పద్దు భద్రపరచినపుడే ఖాయమగును. కావున ముందుగా చేతితో సంఖ్య వ్రాసి రశీదు ఇచ్చివేయరాదు. చెడిన లెక్కలను బాగుచేయుట, సంవత్సరముల వారీగా విడదీయుట వంటి పెద్ద పనులు తలపెట్టునపుడు రెండవ కంప్యూటరులోని వారు లెక్కలు మూసి వైదొలగవలెను.

లైసెన్సు సంగతి

ట్యాలీ మన దేశములో పుట్టిన సాఫ్ట్‌వేరే. శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా 1986లో ప్రారంభించిన సంస్థ దీనిని తయారుచేసినది. ఆ సంస్థ కార్యస్థానము బెంగుళూరు. దీని లైసెన్సులలో సిల్వరు అనునది ఒక్క కంప్యూటరు కొరకు, గోల్డు అనునది ఒకే స్థానిక నెట్‌వర్కులోని ఎన్ని కంప్యూటర్లకైనను వర్తించును. కావున రెండు కంప్యూటర్లపై ఒకే లెక్కను నడుపదలచిన సంఘము గోల్డు తీసికొనవలెను. సిల్వరు కొని, “ఎట్లో సర్దుదము” అని మరమ్మతుదారు చెప్పు మాటలకు లోబడరాదు.

లైసెన్సు ముఖ్య కంప్యూటరులో నుండును. అచ్చట గేట్‌వే సర్వరు అనబడు ఒక చిన్న భాగము తెరవెనుక పనిచేయుచు, రెండవ కంప్యూటరు అడిగినపుడు అనుమతి నిచ్చుచుండును. సాధారణముగా ఇది 9999 అను ద్వారసంఖ్యపై వినును. విండోసులోని రక్షణ గోడ ఆ ద్వారమును మూసినచో, లేక ముఖ్య కంప్యూటరును ఎవరైన ఆపివేసినచో, రెండవదానికి లైసెన్సు దొరకదు. అప్పుడది విద్యార్థుల అభ్యాసమునకు ఉద్దేశించిన రూపములో తెరచుకొని, నెల మొదటి రెండు తేదీలు, చివరి తేదీ వంటి కొద్ది దినములకు మాత్రమే పద్దులు వ్రాయనిచ్చును. ఈ సంగతి తెలియక పదునాల్గవ తేదీ అమ్మకమును రెండవ తేదీన వ్రాసి పని గడుపుకొనువారు గలరు. ఆడిటరు దృష్టిలో అది చిన్న తప్పు కాదు. అట్టి సమయమున వ్రాత ఆపి, తీగను, ముఖ్య కంప్యూటరును చూచుకొనవలెను.

రూటరు సామాన్యముగా కంప్యూటర్లకు అప్పుడప్పుడు మారు చిరునామాలను ఇచ్చుచుండును. నిన్న దొరికిన ముఖ్య కంప్యూటరు నేడు దొరకకపోవుటకు తరచుగా ఇదియే కారణము. ముఖ్య కంప్యూటరునకు స్థిరమైన చిరునామా ఏర్పరచుమని పని చేయువానికి మొదటనే చెప్పవలెను. అది కొంతసేపు వాడనిచో నిద్రపోవు ఏర్పాటును తీసివేయించవలెను. తీగ లేకుండ వైఫైతో పని జరుగదా యనినచో జరుగును, కాని మంచిది కాదు. పద్దు వ్రాయుచుండగా మధ్యలో సంబంధము తెగినచో లెక్కల ఫైలు దెబ్బతినుట కవకాశము గలదు. కరెంటు పోవుట వలనను ఇదే ప్రమాదము. మన పల్లెలలో కరెంటు సంగతి తెలిసినదే గనుక ముఖ్య కంప్యూటరునకును, స్విచ్చికిని కూడ బ్యాటరీ పెట్టె తప్పనిసరి. కంప్యూటరునకు మాత్రము పెట్టి స్విచ్చిని మరచుట తరచుగా జరుగు పొరపాటు.

ఎవరి చేవ్రాలు వారిది

చిట్టాలో దస్తూరిని బట్టి ఎవరు వ్రాసిరో చెప్పగలిగెడివారు. కంప్యూటరులో అందరి దస్తూరియు ఒక్కటే. కావున ఎవరి పేరు వారికి, ఎవరి పాస్‌వర్డు వారికి వేరుగ నుండవలెను. ట్యాలీలో ఇట్టి ఏర్పాటు గలదు. గిడ్డంగి గుమాస్తాకు పద్దు వ్రాయు అధికారమిచ్చి, పాత పద్దును తుడుచు అధికారము ఈయకుండ ఉండవచ్చును. ఇది అతనిపై అనుమానముతో చేయు పని కాదు, అతనికే రక్షణ. అందరును యజమాని పేరుతోనే లోనికి పోవు కార్యాలయములో తప్పు జరిగినపుడు నిర్దోషి తన నిర్దోషిత్వమును చూపుకొనలేడు.

ఏ పద్దు ఎప్పుడు, ఎవరిచే, ఎట్లు మార్చబడెనో చెరగకుండ నమోదు చేయు సదుపాయము కూడ నేడున్నది. కంపెనీల చట్టము క్రింద నమోదైన సంస్థలు 2023 ఏప్రిల్ 1 నుండి ఇట్టి సదుపాయము గల సాఫ్ట్‌వేరునే వాడవలెనని నిబంధన. రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు ఆ చట్టము క్రిందికే వచ్చును గనుక వానికిది తప్పనిసరి. పాల సంఘము వంటి సహకార సంఘములకు ఈ నిబంధన వర్తింపదు. అయినను ఉన్న సదుపాయమును వాడుకొనుటకు అడ్డేమియు లేదు.

ఒక లోపమును మాత్రము దాచరాదు. సాఫ్ట్‌వేరులోని పాస్‌వర్డు సాఫ్ట్‌వేరు తలుపునకే తాళము. నెట్‌వర్కుపై పంచిన ఫోల్డరునకు అది తాళము కాదు. ఫోల్డరును చూడగలిగినవాడు దానిని మొత్తముగ పెన్‌డ్రైవులోనికి ఎత్తుకొని పోవచ్చును, తుడిచివేయను వచ్చును. పని త్వరగా ముగించుకొని పోదలచిన మరమ్మతుదారు “అందరికిని సర్వాధికారములు” అని నొక్కి పోవుట వాడుక. అట్లు గాక, రెండవ కంప్యూటరులో పనిచేయు వ్యక్తి పేరునకు మాత్రమే ఆ ఫోల్డరును పంచవలెను. ఊరివారికి, అతిథులకు ఇచ్చు వైఫైలో ఈ కంప్యూటర్లు కలియకుండ చూడవలెను. ట్యాలీలో లెక్కలను గూఢలిపిలో దాచు ఏర్పాటు కూడ కలదు. దాని పాస్‌వర్డు మరచినచో లెక్కలు తెరచుకొనవు గనుక ఆ పాస్‌వర్డును సీలు వేసిన కవరులో అధ్యక్షుని వద్ద ఉంచుట మేలు.

నకలు ఎందుకు, ఎక్కడ

వ్రాయుటకు నకలు కూడదని చెప్పితిమి. దాచుకొనుటకు నకలు లేకుండుట అంతకంటె ప్రమాదము. 2017 మే నెలలో వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము 150కి పైగా దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోనికి చొరబడి, వానిలోని ఫైళ్లకు తాళము వేసి డబ్బు అడిగినది. మన రాష్ట్రములో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడ దాని వాత పడినవి. నెట్‌వర్కులో ఫోల్డర్లను పంచుకొనుటకు విండోసు వాడు పాత పద్ధతిలోని లోపమే దానికి దారి యయ్యెను. ఆ లోపమును సవరించు మార్పును మైక్రోసాఫ్టు అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసియుండెను. దానిని ఎక్కించుకొనని కంప్యూటర్లు దెబ్బతిన్నవి. రెండు కంప్యూటర్లను కలిపినపుడు ఒకదాని రోగము రెండవదానికి అంటును. కావున రెండింటిని కూడ సరిక్రొత్తగ నుంచవలెను. విండోస్ 10 అను రూపమునకు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. అదే వాడుచున్న సంఘములు మార్పు సంగతి పాలకవర్గ సమావేశమున చర్చింపవలెను.

దాచు నకలును ప్రతిదినము పని ముగించునపుడు సాఫ్ట్‌వేరులోని బ్యాకప్పు పద్ధతిలోనే తీయవలెను. దానిని అదే కంప్యూటరులో మరియొక మూల ఉంచిన ప్రయోజనము లేదు. ఎల్లప్పుడు తగిలించియుంచిన డిస్కులో ఉంచినను, పైన చెప్పిన తాళపు రోగము దానికిని పట్టును. రెండు డిస్కులుంచుకొని, వారము వారము మార్చి, ఒకటి వేరొక కట్టడములో బీరువాలో ఉంచుట ఉత్తమము. మూడు నెలల కొకసారి ఆ నకలును వేరొక ఫోల్డరులో తెరచి, ఆనాటి నగదు నిల్వ సరిపోవుచున్నదా యని చూడవలెను. అసలు లెక్కలపై మాత్రము దానిని పోయరాదు. దాణా బస్తా కథ మరల మొదలగును.

గూగుల్ డ్రైవు, వన్‌డ్రైవు వంటి సదుపాయములు రెండు కంప్యూటర్లలోని ఫోల్డర్లను తమంతట తామే సమానము చేయుచుండును. “తీగ ఖర్చు కూడ లేదు” అని కొందరు నడుచుచున్న లెక్కల ఫోల్డరునే వానిలో పెట్టుచున్నారు. ఇదియు పెన్‌డ్రైవు పద్ధతియే; మోయు మనిషి లేడు, అంతే. మూసి కట్టిన బ్యాకప్పు నకలును అందులో దాచుకొనవచ్చును గాని, తెరచి వ్రాయుచున్న లెక్కలను పెట్టరాదు.

ఇంటర్నెట్టుపై నడచు లెక్కలు

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల కంప్యూటరీకరణ పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్‌లో ఆమోదించినది. 63,000 సంఘములకు ఒకే విధమైన సాఫ్ట్‌వేరును సమకూర్చుట ఆనాటి సంకల్పము. ఆ సాఫ్ట్‌వేరులో గాని, పంచాయతీల ఈ-గ్రామస్వరాజ్‌లో గాని పద్దు పుస్తకము ఊరిలోని కంప్యూటరులో ఉండదు. దూరముననున్న సర్వరులో నుండును. రెండు కంప్యూటర్లు కాదు, పది పెట్టినను అన్నియు ఆ ఒక్క పుస్తకమునే తెరచును. ఫోల్డరు పంచుకొను పని లేదు, గోల్డు సిల్వరు చింత లేదు.

కాని చేవ్రాలు విషయము ఇక్కడ మరింత ముఖ్యమైనది. పంచాయతీ చెల్లింపులను ఒకరు తయారుచేయగా మరియొకరు ఆమోదించునట్లు ఏర్పాటున్నది. ఆ ఆమోదము డిజిటల్ సంతకముతో జరుగును. ఆ సంతకము పెన్‌డ్రైవు వలె కనబడు చిన్న కీలో ఇమిడియుండును. ఎవరి కీ వారి జేబులోనే ఉండవలెను. పని త్వరగా జరుగునని రెండు కీలను ఒకే బల్ల సొరుగులో వదలి, పాస్‌వర్డులను కాగితముపై వ్రాసి వానికి అంటించు అలవాటు అక్కడక్కడ గలదు. అట్టిచోట ఇద్దరు చూడవలసిన చెల్లింపును ఒక్కరే చూచుచున్నారు, రెండవవారి పేరు మాత్రము దానిపై పడుచున్నది. ఆడిటు అభ్యంతరము వచ్చినపుడు జవాబు చెప్పవలసినది ఆ పేరు గలవారే.